నమూనా చట్టంలో మూడో మనిషి

మౌలిక సదుపాయాల చట్టాలతో సాహిత్య పత్రికకు ఏం పని అని కొందరు మిత్రులకు అనిపించవచ్చు. చట్టం కూడా రచనే. దానికీ కర్త ఉంటాడు, ఉద్దేశించిన పాఠకుడుంటాడు. అందులో చెప్పినదీ ఉంటుంది, చెప్పక వదిలినదీ ఉంటుంది. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో రోడ్డు, రేవు, విమానాశ్రయం ఎవరి డబ్బుతో, ఎవరి భూమి మీద, ఎన్నేళ్ల హక్కుతో వస్తాయో నిర్ణయించేది ఆ రచనే. ఊరిని మార్చే పత్రాన్ని చదవని కథకుడికి ఆ ఊరి కథ సగమే తెలుస్తుంది.

ముందు విషయం తేటపరచుకుందాం. ప్రభుత్వం కట్టవలసినదాన్ని ప్రైవేటు సంస్థ కడుతుంది, నిర్ణీత కాలం నడుపుతుంది. వాడేవారి నుంచి రుసుమో, ప్రభుత్వం నుంచి చెల్లింపో తీసుకుంటుంది. గడువు తీరాక ప్రభుత్వానికి అప్పగిస్తుంది. దీనినే ప్రభుత్వ–ప్రైవేటు భాగస్వామ్యం అంటున్నారు. ఇలాంటి పనులకు దేశదేశాల శాసనసభలు వాడుకునేందుకు తయారుచేసిన ముసాయిదాయే నమూనా చట్టం. అది ఎవరినీ బంధించదు. దస్తావేజు నమూనాలో పేరు, ఊరు, తేదీ ఖాళీగా ఉన్నట్లే ఇందులోనూ ఖాళీలుంటాయి, ఏ దేశానికి ఆ దేశం పూరించుకోవాలి.

వీటిలో ముఖ్యమైనవి ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ వర్తక న్యాయ సంఘం రూపొందించినవి. 2000లో 71 సిఫారసులతో ఒక మార్గదర్శిని, 2003లో 51 నమూనా నిబంధనలు, 2019లో వాటి సవరించిన రూపం వెలువడ్డాయి. పేరులో వచ్చిన మార్పును గమనించండి. మొదట 'ప్రైవేటు పెట్టుబడితో మౌలిక సదుపాయాలు' అన్నారు. 2019 నాటికి అది 'ప్రభుత్వ–ప్రైవేటు భాగస్వామ్యం' అయింది. డబ్బు ఎవరిదో చెప్పే పేరు పోయి, స్నేహాన్ని సూచించే పేరు వచ్చింది. పారదర్శకత, న్యాయం, దీర్ఘకాలిక మన్నిక వంటి సూత్రాలు కొత్త రూపంలో బలంగా చేరిన మాటా నిజమే.

2003 పాఠంలో మంచి నిబంధనలకు కొదవ లేదు. పోటీ ద్వారానే ఎంపిక జరగాలి. ఎంపిక ఎలా జరిగిందో రికార్డు ఉండాలి. ఫలితం ప్రకటించాలి. అన్యాయం జరిగిందనుకున్న పోటీదారుకు సమీక్ష కోరే హక్కు ఉంటుంది. అయితే ఆ హక్కు పోటీదారుదే. సదుపాయాన్ని వాడే మనిషి ఫిర్యాదు ఎక్కడ వస్తుందని వెతికితే, 51 నిబంధనల్లో యాభయ్యవదానిలో కనిపిస్తుంది. అక్కడ కూడా, ఫిర్యాదులు పరిష్కరించే సులభమైన ఏర్పాటు చేయమని ప్రభుత్వం సంస్థను 'కోరవచ్చు' అన్నారే గాని 'కోరాలి' అనలేదు. వ్యాకరణం చదివిన వారికి విధికీ అనుమతికీ తేడా నేను చెప్పనక్కరలేదు. పరీక్షలో అది ఒక మార్కు ప్రశ్న. చట్టంలో అది ఒక మనిషి స్థానం.

ఈ లోపం మన నేలకు కొత్తది కాదు. 1793 నాటి బెంగాలు పద్ధతిని నమూనాగా తీసుకొని 1802లో ఈస్టిండియా కంపెనీ నాటి విశాఖపట్నం జిల్లాలో శాశ్వత పరిష్కారం అమలు చేసింది. కంపెనీ సనదు ఇచ్చింది, జమీందారు కబూలియతు రాసిచ్చాడు. రెండు పత్రాలు, ఇద్దరు సంతకందారులు. పేష్కషు కట్టడానికి డబ్బు ఎవరి చెమట నుంచి వస్తుందో ఆ రైతు సంతకం ఎందులోనూ లేదు. రైతులకు పట్టాలివ్వాలని అదే ఏడు మరో రెగ్యులేషన్ చెప్పింది. కాని సాగుభూమిలో రైతుకున్న హక్కును స్పష్టంగా గుర్తించినది 1908 నాటి మద్రాసు ఎస్టేట్ల భూమి చట్టం. అంటే మూడో మనిషి చట్టంలోకి ప్రవేశించడానికి 106 ఏళ్లు పట్టింది. నేటి ఒప్పందాలూ జమీందారీ ఒకటేనని నేననడం లేదు. వీటికి గడువుంది, పోటీ ఉంది, పైన ఎన్నికైన శాసనసభ ఉంది. పోలిక పత్రం నిర్మాణంలో ఉన్నది: ఇద్దరి మధ్య ఒప్పందం, మూడోవాడి చెల్లింపు.

మన రాష్ట్రం విషయానికి వద్దాం. భారతదేశంలో ఈ రంగం కేంద్రస్థాయి చట్టం కన్నా నమూనా ఒప్పందాల మీద, మార్గదర్శకాల మీదే ఎక్కువగా నడిచింది. గుజరాత్ 1999లో తన చట్టం చేసుకుంది. ఆంధ్రప్రదేశ్ 2001లో మౌలిక సదుపాయాల అభివృద్ధికి వీలు కల్పించే చట్టం చేసింది. వీలు ఎవరికి అన్నదే మన ప్రశ్న. ఈ చట్టంలోని 'స్విస్ ఛాలెంజ్' పద్ధతి చూడండి. ఒక సంస్థ తానే ఒక ప్రతిపాదన తెస్తుంది. ప్రభుత్వం దాని మీద పోటీ ప్రతిపాదనలు పిలుస్తుంది. ఎవరైనా మెరుగైనది తెస్తే, దానికి సరితూగే అవకాశం మళ్లీ మొదటివారికే ఇస్తుంది. అమరావతి తొలి దశ ప్రాంతం విషయంలో దీని మీద వివాదం లేచింది. మొదటి సంస్థ ప్రభుత్వానికిస్తానన్న ఆదాయ వాటాను పోటీదారులకు చెప్పకపోతే పోటీ ఎలా అవుతుందన్నది ప్రశ్న. 2016 సెప్టెంబరులో హైకోర్టు స్టే ఇచ్చింది. ప్రభుత్వం చట్టాన్ని సవరించింది, 2017లో ఒప్పందం చేసుకుంది. 2019లో అదీ రద్దయింది. ఇలాంటి అడగని ప్రతిపాదనలను నిరుత్సాహపరచాలని కేంద్రం నియమించిన కేల్కర్ కమిటీ 2015లోనే చెప్పింది.

మన ముంగిట్లో ఉన్న ఉదాహరణ భోగాపురం విమానాశ్రయం. 2017 టెండరులో ప్రభుత్వరంగానికి చెందిన విమానాశ్రయాల సాధికార సంస్థ పై పాట పాడింది. 2018లో ఆ టెండరు రద్దయింది. 2019 టెండరులో ఒక్కొక్క ప్రయాణికుడికి 303 రూపాయలు ప్రభుత్వానికి చెల్లిస్తామని జి.ఎం.ఆర్. సంస్థ పాట గెలిచింది. 2020 జూన్‌లో ఒప్పందం కుదిరింది. గడువు 40 ఏళ్లు. 2019 ఫిబ్రవరిలో ఒకసారి, 2023 మేలో మరొకసారి శంకుస్థాపన జరిగింది. రైతుల ఆందోళనలు, కోర్టు కేసులు నడిచాక భూమి విస్తీర్ణం మొదటి ఆలోచన కన్నా బాగా తగ్గి, సంస్థకు సుమారు 2,200 ఎకరాలుగా తేలింది. మరడపాలెం, ముడసర్లపేట, బొల్లింకలపాలెం, రెల్లిపేట అనే నాలుగు ఊళ్లు కదలవలసి వచ్చింది. ఈ కథలో శంకుస్థాపనకు రెండు తేదీలున్నాయి, పాటకు అంకె ఉంది. ఒప్పందంలో ఏం రాసి ఉందో ఆ నాలుగు ఊళ్లవారు తమ భాషలో చదువుకునేందుకు ఏం ఉన్నది?

ఇక్కడ భాష సంగతి వస్తుంది. ఇంగ్లీషులో ఈ ఒప్పందానికున్న పేరు 'కన్సెషన్'. దీన్ని తెలుగులో తరచు 'రాయితీ ఒప్పందం' అని రాస్తున్నారు. మా బడి పిల్లలకు రాయితీ అంటే బస్సు పాసు. ధర తగ్గింపు అనే అర్థంతో చదివితే, ప్రజలకేదో తగ్గింపు వస్తున్నదనిపిస్తుంది. అసలు అర్థం, వసూలు చేసుకునే హక్కును గడువు పెట్టి ఇవ్వడం. మన పాత మాటల్లో 'ఇజారా'కు ఇది దగ్గర. 'గడువు హక్కు ఒప్పందం' అన్నా చాలు, పాఠకుడు మోసపోడు.

చట్టంలో మూడో మనిషికి చోటివ్వడం అసాధ్యమేమీ కాదు. 2013 నాటి భూసేకరణ చట్టం భాగస్వామ్య ప్రాజెక్టులకు 70 శాతం బాధిత కుటుంబాల సమ్మతి అడిగింది. సామాజిక ప్రభావ అధ్యయనాన్ని స్థానిక భాషలో పంచాయతీకి అందించాలన్నది. దాని అమలు వేరే చర్చ. రాయడం సాధ్యమేనని మాత్రం అది రుజువు చేసింది.

గనక రాష్ట్రాలకు నమూనా చట్టం రాసేవారు కనీసం నాలుగు మాటలు చేర్చాలన్నది నా వాదన. ఒకటి, ఒప్పందమూ దాని ప్రతి సవరణా తెలుగులో ప్రకటించాలి. రెండు, టెండరు రద్దు చేసినా, గడువు పొడిగించినా కారణం రాతపూర్వకంగా చెప్పాలి. మూడు, రుసుము పెంచేముందు వాడేవారి మాట వినాలి. నాలుగు, ఫిర్యాదు నిబంధనలో 'వచ్చు' తీసి 'వలెను' పెట్టాలి. ఇంత రాస్తే పెట్టుబడి రాదని కొందరంటారు. ముప్పై, నలభై ఏళ్లు నడవవలసిన ఒప్పందానికి ప్రజల అనుమానమే పెద్ద నష్టభయం. వారి ముందు చదవగలిగిన ఒప్పందం ప్రభుత్వం మారినా నిలుస్తుంది.

రచయితల పని ఇక్కడే ఉన్నది. విజయనగరం మహారాజు సేకరింపజేసిన శుల్క వివాహాల పట్టికను గురజాడ 1897లో కన్యాశుల్కం పీఠికలో ఉదహరించాడు. 1,034 పెళ్లిళ్లు, వాటిలో అయిదేళ్ల పిల్లలు 99 మంది. నాటకం వెనుక లెక్క ఉంది. కాళీపట్నం రామారావు 'యజ్ఞం'లో ఊరి అభివృద్ధి అంతా ఒకవైపు, అప్పల్రాముడి అప్పు ఒకవైపు తూగుతాయి. ఒక బాకీ పత్రాన్ని అంత లోతుగా చదివిన ప్రాంతం మనది. ఈనాటి పత్రాలు పెద్దవి, ఇంగ్లీషులో ఉన్నవి, వందల పుటలవి. వాటిని చదివి, ఊళ్లో వినిపించి, ఎవరి పేరు లేదో చెప్పడం విమర్శకుడి పనికి వెలుపలిది కాదు.