కాగితం మీద కర్మాగారం

కొండవీడు అనగానే రెడ్డిరాజులు, కొండ మీది కోట, చెరువులు గుర్తుకు వస్తాయి. ఇటీవలి కాలంలో ఆ పేరుకు మరో విశేషం తోడయింది. పల్నాడు జిల్లా యడ్లపాడు మండలంలో, కొండవీడు దగ్గర, చెత్తను కాల్చి విద్యుత్తు తీసే కేంద్రం ఒకటి 2022లో ప్రారంభమయింది. గుంటూరు, విజయవాడ మొదలైన పట్టణాలలో పోగయ్యే చెత్త కోసం జిందాల్ సంస్థ దీన్ని నిర్మించింది. దీని సామర్థ్యం 15 మెగావాట్లు.

చెత్తకు నిప్పు పెట్టడం ఎవరికైనా తెలిసిన పనే. కాని రాత్రింబవళ్లు, ఎండాకాలమూ వానాకాలమూ అనే తేడా లేకుండా 15 మెగావాట్లు తీయాలంటే రోజుకు ఎన్ని టన్నుల చెత్త కావాలి? తడి చెత్త వస్తే ఏమవుతుంది? ఇవన్నీ కోట్ల రూపాయలు పోసి కేంద్రాన్ని కట్టాక తెలుసుకుంటే చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్లే. అందువల్ల ఇంజనీర్లు ఇటుకలతో, ఇనుముతో కట్టే ముందు అంకెలతో ఒక కర్మాగారాన్ని కడతారు. దాన్నే గణిత నమూనా అంటారు. ఆ నమూనాలో అంకెలు మార్చి, నిజమైన కర్మాగారం ఎలా నడుస్తుందో ముందుగా చూడడాన్ని అనుకరణ అంటారు. ఇంగ్లీషులో మోడల్, సిమ్యులేషన్ అనే మాటలు వీటికే.

ఇదంతా పెద్ద పెద్ద కంప్యూటర్లతో మాత్రమే అయ్యే పని అనుకోకండి. పెన్సిలు, కాగితం, హైస్కూలు భౌతికశాస్త్రం ఉంటే చాలు, కొండవీడు కేంద్రం లాంటి దానికి ఒక చిన్న నమూనా మనమే తయారుచేయవచ్చు. చూద్దామా?

జమాఖర్చుల పద్దు

కిరాణా కొట్టులో సాయంత్రం పద్దు ఎలా రాస్తారు? వచ్చిన డబ్బు ఒక వైపు, పోయిన డబ్బు ఒక వైపు. రెంటికీ తేడా పెట్టెలో ఉండాలి. లేకపోతే ఎక్కడో లెక్క తప్పిందన్నమాట. రసాయన కర్మాగారాల గణితానికి కూడా పునాది ఇదే. ద్రవ్యం మాయం కాదు, శక్తి మాయం కాదు అనే రెండు నియమాలు మీకు తెలుసు. కాబట్టి లోపలికి వచ్చింది ఎంతో, బయటికి పోయింది ఎంతో, లోపల మిగిలింది ఎంతో పద్దు రాయవచ్చు.

ఒక కిలో చెత్తను తీసుకుందాం. అందులో కాగితం ముక్కలు, అరటితొక్కలు, గుడ్డపీలికలు, ఇసుక, ప్లాస్టిక్ సంచులు, ఇలా వంద రకాలుంటాయి. అన్నింటినీ విడివిడిగా లెక్కించనక్కరలేదు. ఊరి పటంలో ప్రతి చెట్టూ గీయం గదా! దారి తెలిస్తే చాలు. అలాగే మన పనికి చెత్తను మూడు భాగాలు చేద్దాం: నీరు, మండే భాగం, మండని మట్టీ బూడిదా.

జమ: బాగా ఎండిన కట్టె కిలోకు సుమారు 4,500 కిలో కేలరీల వేడి ఇస్తుంది. చెత్తలో మండే భాగానికి కూడా ఇదే అంకె వేసుకుందాం.

ఖర్చు: చెత్తలోని నీరు ఆవిరైతే గాని మంట అందుకోదు. ఒక కిలో నీటిని 30 డిగ్రీల సెంటీగ్రేడు నుండి 100 డిగ్రీలకు తేవడానికి 70 కిలో కేలరీలు కావాలి. ఆ మరుగుతున్న నీటిని ఆవిరిగా మార్చడానికి మరో 540 కావాలి. ఇదే మీరు చదివిన బాష్పీభవన గుప్తోష్ణం. మొత్తం 610. ఈ ఆవిరి పొగగొట్టం గుండా పోతూ ఆ వేడిని కూడా పట్టుకుపోతుంది.

మన చెత్తలో సగం నీరు అనుకుందాం. మిగిలిన సగంలో మండే భాగం మూడు పాళ్లు, మట్టీ బూడిదా రెండు పాళ్లు. అంటే కిలోలో నీరు 500 గ్రాములు, మండేది 300 గ్రాములు, మండనిది 200 గ్రాములు.

జమ: 0.3 × 4,500 = 1,350 కిలో కేలరీలు.
ఖర్చు: 0.5 × 610 = 305 కిలో కేలరీలు.
మిగిలింది: 1,045 కిలో కేలరీలు.

ఇదే మన గణిత నమూనా. ఒక్క కూడిక, ఒక్క తీసివేత, రెండు హెచ్చవేతలు!

ఒక్క అంకె మారిస్తే

ఇప్పుడు అనుకరణ మొదలుపెడదాం. మండేదానికీ మండనిదానికీ ఉన్న మూడు, రెండు పాళ్లను అలాగే ఉంచి, నీటి శాతాన్ని మాత్రం మారుద్దాం. కిలోకు మిగిలే వేడి ఇలా వస్తుంది:

నీరు 25 శాతం: సుమారు 1,870 కిలో కేలరీలు
నీరు 36 శాతం: సుమారు 1,510 కిలో కేలరీలు
నీరు 50 శాతం: సుమారు 1,045 కిలో కేలరీలు
నీరు 60 శాతం: సుమారు 715 కిలో కేలరీలు

నీరు 25 నుండి 50 శాతానికి, అంటే రెట్టింపుకు పెరిగితే వేడి దాదాపు సగానికి పడిపోయింది. ఎందుకంటే నీరు రెండు విధాల నష్టం చేస్తుంది. మండే పదార్థం ఉండవలసిన చోటును తాను ఆక్రమిస్తుంది. పైగా మండినదాని వేడిని తాను తినేస్తుంది.

చెత్త నిర్వహణపై కేంద్ర ప్రభుత్వం 2016లో ప్రకటించిన నియమాలలో ఒక హద్దు కనిపిస్తుంది. కిలోకు 1,500 కిలో కేలరీలు లేదా అంతకు మించి వేడినిచ్చే, తిరిగి వాడుకోవడానికి పనికిరాని చెత్తను గుంతల్లో పూడ్చకుండా శక్తి కోసం వాడాలని వాటిలో ఉంది. మన నమూనా ప్రకారం ఆ హద్దు చేరాలంటే నీరు సుమారు 36 శాతానికి మించకూడదు.

హద్దు దాటితే నష్టం విద్యుత్తుకే కాదు. చెత్త మంట చల్లబడితే డయాక్సిన్లు వంటి విషపదార్థాలు పూర్తిగా నశించవు. అందుకే పొగ కనీసం 850 డిగ్రీల వేడిలో రెండు సెకన్ల పాటు ఉండాలని ఐరోపా దేశాల నియమాలు చెబుతున్నాయి. తడి చెత్త మంటను చల్లారుస్తుంది. కేంద్రం చుట్టుపక్కల ఊళ్లవారు పీల్చే గాలి ఆ మంట వేడిమీద ఆధారపడి ఉంటుంది. కాబట్టి ఈ లెక్క పరీక్షలో మార్కుల కోసం వేసే లెక్క కాదు.

ఎన్ని టన్నులు కావాలి?

15 మెగావాట్లంటే 15,000 కిలోవాట్లు. రోజుకు 24 గంటలు నడిస్తే 3,60,000 యూనిట్లు. ఒక యూనిట్ 860 కిలో కేలరీలకు సమానం. కాబట్టి రోజు మొత్తానికి విద్యుత్తు రూపంలో దాదాపు 31 కోట్ల కిలో కేలరీలు రావాలి.

కాని వేడి అంతా విద్యుత్తు కాదు. బాయిలర్ గొట్టాలలో ఆవిరి పుట్టి, అది టర్బైన్‌ను తిప్పి, జనరేటర్ తిరిగే లోపల చాలా వేడి జారిపోతుంది. మన నమూనాలో అయిదో వంతు మాత్రమే విద్యుత్తుగా మారుతుందనుకుందాం. అప్పుడు కావలసిన వేడి రోజుకు సుమారు 155 కోట్ల కిలో కేలరీలు. దీన్ని కిలోకు మిగిలే వేడితో భాగించండి:

నీరు 25 శాతమైతే సుమారు 830 టన్నులు
నీరు 36 శాతమైతే సుమారు 1,030 టన్నులు
నీరు 50 శాతమైతే సుమారు 1,480 టన్నులు
నీరు 60 శాతమైతే సుమారు 2,170 టన్నులు

ఇన్ని టన్నులు దొరుకుతాయా? అన్ని లారీలున్నాయా? కొలిమి అంత చెత్తను పట్టగలదా? పునాది రాయి వేయకముందే ఈ ప్రశ్నలన్నీ కాగితం మీద ఎదురవుతాయి. గణిత నమూనా చేసే మేలు ఇదే.

రోజు రోజుకూ లెక్క

ఇంతవరకు మన లెక్కలో కాలం లేదు. దాన్ని కూడా చేరుద్దాం. ఇలాంటి కేంద్రాలలో లారీ దించిన చెత్తను వెంటనే కొలిమిలో వేయరు. పెద్ద గోతిలో కొన్ని రోజులు నిలవ ఉంచుతారు. అక్కడ కొంత నీరు కిందికి కారిపోతుంది, కొంత ఆవిరవుతుంది. ఎన్ని రోజులు ఉంచాలి?

ఒక నియమం పెట్టుకుందాం. ప్రతి రోజు, ఆ రోజుకు మిగిలి ఉన్న నీటిలో పదో వంతు పోతుంది. వంద కిలోల చెత్తలో మొదట 50 కిలోల నీరుంది. మర్నాటికి 45. ఆ మర్నాటికి 40.5. తర్వాత 36.5, 32.8, 29.5. ఆరో రోజుకు 26.6 కిలోలు. పొడి భాగం మాత్రం 50 కిలోలే. అంటే ఆరు రోజులకు 76.6 కిలోల చెత్తలో 26.6 కిలోల నీరు, సుమారు 35 శాతం. హద్దు లోపలికి వచ్చాం.

ఇక ముసురు పట్టిందనుకోండి. గాలిలో తేమ వల్ల రోజుకు ఇరవయ్యో వంతు నీరే పోయిందనుకుందాం. అదే లెక్క వేస్తే ఆరు రోజుల తర్వాత కూడా నీరు 42 శాతం ఉంటుంది. వానాకాలానికి మరింత పెద్ద గొయ్యి, దానికి మంచి పైకప్పు కావాలని నమూనా మనకు చెప్పకనే చెప్పింది. ఇలా ఒక రోజు జవాబును మర్నాటి ప్రశ్నగా వాడుతూ అడుగడుగునా ముందుకు పోవడమే అనుకరణ. కంప్యూటర్ చేసేది కూడా ఇదే. కాకపోతే రోజుకు ఒక అడుగు బదులు సెకనుకు ఒక అడుగు వేస్తుంది. ఒక్క పద్దు బదులు వేల పద్దులు ఒకేసారి రాస్తుంది.

తడి చెత్తకు మరో దారి

అసలు తడి చెత్తను కొలిమికి పంపడమెందుకు? కూరగాయల తొక్కలు, మిగిలిన అన్నం గోబర్ గ్యాస్ తొట్టిలో వేస్తే సూక్ష్మజీవులు వాటిని కుళ్లబెట్టి, మండే మీథేన్ వాయువును తయారుచేస్తాయి. ఇక్కడ నీరు శత్రువు కాదు, మిత్రుడు. ఈ తొట్టికి కూడా పద్దు రాయవచ్చు. కాని ఇందులో ఒక విశేషముంది. పనివాళ్లు ప్రాణులు. తమంతట తామే పెరుగుతారు.

సూక్ష్మజీవులు రోజుకు 20 శాతం పెరుగుతాయనుకుందాం. తొట్టి 3,000 లీటర్లు పడుతుంది. రోజూ 100 లీటర్ల చెత్తనీళ్లు పోస్తే, అంతే బయటికి పోతుంది. అంటే ముప్పయ్యో వంతు. దానితోపాటు సూక్ష్మజీవులలో కూడా ముప్పయ్యో వంతు కొట్టుకుపోతాయి. పెరిగేది ఎక్కువ, పోయేది తక్కువ. కనుక తొట్టి చక్కగా పనిచేస్తుంది.

ఎక్కువ గ్యాసు కోసం ఆశపడి రోజుకు 1,000 లీటర్లు పోస్తే? ఇప్పుడు రోజుకు మూడో వంతు కొట్టుకుపోతాయి. నూరు సూక్ష్మజీవులు 120 అవుతాయి, అందులో 40 పోయి 80 మిగులుతాయి. మర్నాటికి 64, ఆ తర్వాత 51. పది రోజులు తిరిగేసరికి పదకొండు కూడా మిగలవు. చెత్త ఎక్కువ పోసినకొద్దీ గ్యాసు ఆగిపోతుంది! మామూలు ఆలోచనకు తట్టని ఈ సంగతిని నమూనా ముందే బయటపెడుతుంది.

సూక్ష్మజీవుల పెరుగుదలకు, వాటికి దొరికే ఆహారానికి ఉన్న సంబంధాన్ని 1940లలో ఒక సమీకరణంగా రాసినవాడు ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జాక్ మొనో. వేరే పరిశోధనకు ఆయన 1965లో నోబెల్ బహుమతి పంచుకున్నాడు. మందుల తయారీ తొట్లకు, మురుగునీటి శుద్ధికి ఈనాటికీ ఆ సమీకరణమే ఆధారం. గాలి తగలని తొట్లలో చెత్త కుళ్లడాన్ని లెక్కించే సమగ్రమైన నమూనాను అంతర్జాతీయ జల సంఘానికి చెందిన శాస్త్రజ్ఞుల బృందం 2002లో ప్రకటించింది. రసాయన కర్మాగారాలను కంప్యూటర్‌లో అనుకరించే ప్రసిద్ధమైన ఆస్పెన్ ప్రోగ్రాం అమెరికాలోని ఎం.ఐ.టి.లో 1976లో మొదలైన పథకం నుండి పుట్టింది. వీటన్నిటిలోను అడుగున ఉన్నది జమాఖర్చుల పద్దే.

నమూనాను ఎంతవరకు నమ్మాలి?

మన లెక్కలో 4,500 అనే అంకె, పదో వంతు, 20 శాతం, ఇవన్నీ మనం వేసుకున్నవి. నిజమైన ఇంజనీర్లు వీటిని ఊహించి ఊరుకోరు. చెత్త నమూనాలు తెచ్చి, తూచి, ఆరబెట్టి మళ్లీ తూస్తారు. కేలరీమీటరులో కాల్చి వేడిని కొలుస్తారు. వేసవిలో ఒకసారి, వానల్లో ఒకసారి, పండుగ రోజుల్లో ఒకసారి కొలుస్తారు. కొలతకూ లెక్కకూ పొంతన కుదరకపోతే మార్చవలసింది లెక్కనే. పటంలో దారి ఉంది గదా అని ఎవరూ ఏటిలోకి నడవరు.

అయితే ఏ అంకె వేసుకున్నా మారని ఫలితం ఒకటి ఉంది. చెత్తలోని నీరే అన్నిటికన్నా ముఖ్యమైన అంకె. ఆ అంకె కొండవీడులోని ఇంజనీర్ల చేతిలో కొంతే ఉంది. ఎక్కువ భాగం మన వంటింట్లో ఉంది. తడి చెత్త ఒక బుట్టలో, పొడి చెత్త మరో బుట్టలో వేసిన ప్రతి ఇల్లూ ఆ పద్దులో జమ వైపు ఒక అంకె రాసినట్లే.

మీరూ చేసి చూడండి: నీరు 45 శాతం ఉంటే కిలోకు ఎంత వేడి మిగులుతుంది? 15 మెగావాట్లకు రోజుకు ఎన్ని టన్నులు కావాలి? సుమారు 1,210 కిలో కేలరీలు, 1,280 టన్నులు వస్తే మీ లెక్క సరిపోయినట్లే. తర్వాత ఒక వారం పాటు మీ ఇంటి తడి చెత్తను, పొడి చెత్తను విడివిడిగా తూచి పద్దు రాయండి. మీ తరగతిలోని అందరి పద్దులూ కలిపితే మీ ఊరికి ఒక నమూనా తయారవుతుంది.