గుర్రం కాలు ఎప్పుడు విరిగింది?

“కాలు విరిగితే గుర్రాన్ని చంపడమేనా? కట్టు కట్టకూడదా?” అని ఒక పాఠకుడు అడిగారు. జవాబు చిన్నదే. గుర్రానికి మోకాలి కింద కండ ఉండదు, రక్తప్రసరణ తక్కువ, అతుకు కష్టం. అర టన్ను బరువు మిగతా కాళ్ల మీద పడితే ఆ గిట్టలూ చెడతాయి. 2006లో కాలు విరిగిన అమెరికా గుర్రం బార్బారోకు ఆపరేషన్ చేసి నెలల తరబడి సాకారు. 2007 జనవరిలో గిట్టల జబ్బు ముదిరి, దానికీ చావు ఇంజెక్షనే ఇవ్వాల్సి వచ్చింది.

నన్ను లాగే ప్రశ్న వేరు. అసలు ఆ కాలు ఎప్పుడు విరిగింది?

2020 నవంబరు 3న మెల్‌బోర్న్ కప్ పందెంలో, అంతకుముందు ఏడాది ఎప్సమ్ డెర్బీ గెలిచిన ఆంథొనీ వాన్ డైక్ అనే గుర్రానికి గిట్ట పైనుండే ఫెట్‌లాక్ కీలు విరిగింది. ఇలాంటప్పుడు రేసు పెద్దలు తరతరాలుగా చెప్పే మాట ఒకటే: తప్పటడుగు పడింది, దురదృష్టం. చాలాసార్లు అది తప్పు. కాలిఫోర్నియాలో 1990 నుంచి రేసుకోర్సుల్లో చనిపోయిన గుర్రాలకు శవపరీక్ష చేస్తున్నారు. విరిగిన చోట అంతకుముందే మొదలైన దెబ్బల ఆనవాళ్లు ఎన్నోసార్లు కనిపించాయి.

ఎలాగంటే, నాలుగు కాళ్ల పరుగులో ఒక్కో అడుగుకు ఒక్క కాలి మీదే ఒంటి బరువుకు రెండున్నర రెట్ల దాకా భారం పడుతుంది. ఎముకలో కంటికి కనపడని బీటలు పుడతాయి. ఆస్టియోక్లాస్ట్ కణాలు ఆ పాడైన చోటు తవ్వేస్తాయి, ఆస్టియోబ్లాస్ట్‌లు కొత్త ఎముకతో పూడుస్తాయి. చిక్కంతా ఇక్కడే. తవ్వకం వారాల్లో అయిపోతుంది, పూడిక నెలలు పడుతుంది. మన ఊళ్లలో పైపుల కోసం తవ్విన రోడ్డు గతే! ఆ మధ్యకాలంలో ఎముక గుల్లగా ఉంటుంది.

ఇంకో విడ్డూరం. కఠిన శిక్షణ సాగుతున్నంత కాలం కీలు ఎముకలో ఈ మరమ్మతు అణిగి ఉంటుంది. ఎముక గట్టిపడుతూనే బీటలు పోగవుతాయి. విశ్రాంతి ఇచ్చాక తవ్వకం జోరందుకుంటుంది. అంటే సెలవు ముగించుకుని బయట చలాకీగా వచ్చిన గుర్రానికి లోపల ఎముక బలహీనంగా ఉండవచ్చు! బరువు మోసేకొద్దీ ఎముక బలపడుతుందన్న యూలియస్ వుల్ఫ్ 1892 నాటి సూత్రాన్ని పట్టుకుని, ఎంత పరిగెత్తిస్తే అంత మేలనుకున్నవాళ్లు ఈ సగం మరిచారు.

బీటలు బాగా ముదిరితే తప్ప మామూలు ఎక్స్‌రేకు చిక్కవు. అందుకే 2021 నుంచి మెల్‌బోర్న్ కప్‌కు వచ్చే విదేశీ గుర్రాల కాళ్లకు సీటీ స్కాన్ తప్పనిసరి. 2024లో స్కాన్ చూసి యాన్ బ్రూగెల్ అనే గుర్రాన్ని పోటీ నుంచి తప్పిస్తే శిక్షకుడు ఏడన్ ఓబ్రయన్ మండిపడ్డారు. ఆంథొనీ వాన్ డైక్‌ శిక్షకుడూ ఆయనే! మరుసటి ఏడాది యాన్ బ్రూగెల్ కొరొనేషన్ కప్ గెలిచింది. అంతమాత్రాన స్కాన్ తప్పయిపోదు. అది చెప్పేది ఆనాటి ప్రమాదం, భవిష్యత్తు కాదు. నెలల్లో ఎముక మారుతుంది.

స్కాన్ ఆఖరి వడపోత మాత్రమే. విశ్రాంతి నుంచి వచ్చిన గుర్రాన్ని ఎన్ని వారాల్లో పందేనికి తెస్తున్నారో రేసు క్లబ్బులు బయటపెట్టాలి, మన మలక్‌పేట క్లబ్బుతో సహా.