27 మాటలు, 30 రోజుల పండుగ

ఇటలీలో క్రిస్మస్ ఒక్క రోజుతో అయిపోదు. డిసెంబరు 8న, ఇమ్మకొలాతా పండుగ నాడు, చాలా ఇళ్లలో చెట్టు నిలబెట్టి ప్రెజేపె పెడతారు. ప్రెజేపె అంటే క్రీస్తు జననాన్ని చూపించే బొమ్మల కొలువు. జనవరి 6న ఎపిఫనీయాతో పండుగ ముగుస్తుంది. రెండు కొసలూ కలుపుకుంటే సరిగ్గా 30 రోజులు. ఈ నెల రోజులకు కావలసిన ఇటాలియన్ మాటలు నేర్చుకోవాలంటే ముందు అంకెలు పట్టుకోవాలని నా నమ్మకం. అక్కడ ప్రతి వేడుకా ఒక తేదీకి కట్టుబడి ఉంటుంది.

అంకెలంటే భయం అక్కర్లేదు. 1 నుంచి 10 వరకు పది మాటలు. 11 నుంచి 19 వరకు తొమ్మిది. 20, 30 అలా 90 దాకా ఎనిమిది. మొత్తం 27 వస్తే 90 వరకు ఏ అంకెనైనా చెప్పేయవచ్చు.

మధ్యలో ఒక మెలిక ఉంది, అది తెలుగువాళ్లకు ముందే తెలిసిన మెలిక. 20 వెంతి, 1 ఊనో. రెండూ కలిస్తే వెంతూనో. 8 ఓత్తో, అది చేరితే వెంతొత్తో. ముందున్న ఇకారం జారిపోయింది. ఏమి, అంటివి కలిసి ‘ఏమంటివి’ అయినట్టే! 30 త్రెంతా కాబట్టి అక్కడ జారేది అకారం: త్రెంతూనో. 21, 28 మొదలుకొని 81, 88 దాకా ఇలాంటి సంధులు 14 వస్తాయి. 20 దాటాక మిగిలినవన్నీ పక్కపక్కన పెట్టి పలకడమే.

ఇక తేదీలు. 24 వెంతిక్వాత్త్రో, ఆ రోజు విజీలియా, అంటే క్రిస్మస్ ముందురోజు. చాలా ఇళ్లలో ఆ రాత్రి మాంసం ముట్టరు, చేపలే వండుతారు. 25 వెంతిచింక్వె, నతాలె, అంటే క్రిస్మస్. 26 సాంతో స్తేఫనో, అదీ సెలవే. జనవరి 1ని మాత్రం ఊనో అనకూడదు, ప్రీమో అనాలి. ఆ రోజు పేరు కపొదాన్నో. కాపో అంటే తల, అంటే ఏడాదికి తల అన్నమాట. ఎపిఫనీయా జనం నోట్లో అరిగి బెఫానా అయింది. ఆమె చీపురెక్కి వచ్చే ముసలవ్వ. మంచి పిల్లల మేజోళ్లలో మిఠాయిలు, అల్లరి పిల్లలకు బొగ్గు వేస్తుంది. ఇప్పుడు ఆ బొగ్గును కూడా నల్లరంగు చక్కెరతోనే చేస్తున్నారు. బహుమతులు తెచ్చే బాబ్బో నతాలెలో బాబ్బో అంటే నాన్న. మనం క్రిస్మస్ తాత అనేది ఆయన్నే.

ఈ అంకెలు నోటికి ఎక్కాలంటే తోంబొలా ఆడాలి. మన క్లబ్బుల్లో, అపార్ట్‌మెంట్ వేడుకల్లో ఆడే తంబోలా ఇదే. పేరూ అక్కడినుంచి వచ్చిందే. 1734లో క్రిస్మస్ వారంలో లాటరీ నిలిపేస్తే నేపుల్స్ జనం ఇంట్లో ఆడుకోవడానికి దీన్ని కల్పించుకున్నారని చెబుతారు. చీటీలో 3 వరుసలు, 15 అంకెలు. ఒకే వరుసలో 2 తగిలితే ఆంబో, 3 అయితే తెర్నో, 4 అయితే క్వతెర్నా, 5 అయితే చింక్వీనా. చీటీ నిండితే తోంబొలా. 4కు క్వాత్త్రో, 5కు చింక్వె అని తెలిస్తే క్వతెర్నా, చింక్వీనాలను వేరుగా బట్టీ పట్టనక్కర్లేదు. నేపుల్స్‌లో 1 నుంచి 90 దాకా ఒక్కో అంకెకు ఒక్కో అర్థం ఉంది: 25 క్రిస్మస్, 33 క్రీస్తు వయసు, 48 మాట్లాడే మృతుడు, 90 భయం. అంకె చదివేవాళ్లు ఆ పేరునూ అరుస్తారు, వినేవాళ్లకు రెండు మాటలూ ఒకేసారి అబ్బుతాయి. నాకు ఇంతకన్నా మంచి పాఠం కనిపించలేదు.

చివరిగా ఉచ్చారణ. ఇటాలియన్‌లో ‘ట’ లేదు, మన ‘త’లా నాలుక పళ్లకు తగలాలి. కొత్త ఏడాది శుభాకాంక్షలు చెప్పేటప్పుడు ‘బువోన్ ఆన్నో’లో ద్విత్వాన్ని గట్టిగా ఒత్తి పలకండి. ఒక్క ‘న’తో ఆనో అంటే మలద్వారం. ద్విత్వం లేని భాషలవాళ్లు ఇక్కడ తడబడుతుంటారు. కల వేరు, కల్ల వేరు అని తెలిసిన నోటికి అది చిన్నప్పటినుంచీ అలవాటే.