లక్షల సైకిలు – మీ ఒంటికి సరిపోతుందా?

సైకిలు అనగానే మన కళ్ళముందు కదిలేది నల్లరంగు వేసి, వెనక క్యారియరు బిగించిన పాత బండి. పాలవాడూ, పోస్టుమేనూ, బడిపంతులూ తొక్కింది అదే. ఇప్పుడు లావు టైర్లూ, వెడల్పాటి హ్యాండిలూ, షాకబ్జర్బర్లూ వున్న సైకిళ్ళు కూడా మన రాయలసీమ పట్టణాల్లో కనబడుతున్నాయి. వాటిలో బాగా ఖరీదైన జాతి ఒకటుంది. దాని పేరు 'ఎండ్యూరో'. ముందు చక్రానికే కాక వెనక చక్రానికి కూడా షాకబ్జర్బరు వుంటుంది. ధర లక్షల్లో వుంటుంది.

"నాకు నడుంనొప్పి డాక్టరుగారూ, ఆ సైకిలైతే కుదుపు తెలియదట, కొనమంటారా?" అని యాభై దాటినవారు అడుగుతారు. "మావాడు ఆ సైకిలే కావాలని పట్టుబట్టాడు, ప్రమాదం కాదు గదా?" అని తల్లులు అడుగుతారు. ఇద్దరికీ ముందుగా చెప్పవలసిన మాట ఒకటే. సైకిలును ధరతో తూచకండి. మీరు తొక్కబోయే దారి, మీ ఒంటి కొలత, మీ ఒంట్లో వున్న జబ్బు – ఈ మూడింటితో తూచండి.

ఇది దేనికోసం పుట్టింది?

1970లలో అమెరికాలోని కాలిఫోర్నియాలో, మౌంట్ టమల్పైస్ అనే కొండ మీది మట్టిదారుల వెంట కొందరు కుర్రవాళ్ళు పాత లావుటైర్ల సైకిళ్ళ మీద జోరుగా కిందికి దిగేవారు. 1976లో వాళ్ళు ఒక పందెం మొదలుపెట్టారు. దిగేసరికి వెనక చక్రంలోని బ్రేకు కాలిపోయి గ్రీజంతా ఆవిరయ్యేది. మళ్ళీ గ్రీజు నింపితే తప్ప బండి పనికిరాదు. అందుకే ఆ పందానికి 'రీప్యాక్' అని పేరు. కొండ సైకిలు పుట్టుక అదీ! 1989లో ముందు చక్రానికి షాకబ్జర్బరు ఫోర్కు మార్కెట్టులోకి వచ్చింది. 1996 అట్లాంటా ఒలింపిక్సులో కొండ సైకిలు పోటీ చేరింది. 2013లో ఎండ్యూరో పందాల ప్రపంచ సిరీస్ ఇటలీలో మొదలైంది.

ఎండ్యూరో పందెంలో కొండ ఎక్కేటప్పుడు తొక్కుకుంటూ పోవాలి గాని గడియారం లెక్కపెట్టరు. నిట్టనిలువు దిగుడులోనే కాలం లెక్క. కనుక ఈ సైకిలు దిగడానికి తయారైన బండి. చక్రాలు 160, 170 మిల్లీమీటర్ల మేర పైకీ కిందికీ ఆడతాయి. బండి బరువు సుమారు 15 కిలోలు. బ్రేకులు మోటారు సైకిలు మాదిరి డిస్కు బ్రేకులు. రాళ్ళ మీద నుంచి దూకడానికి ఇవన్నీ అవసరమే. మార్కెట్టుకు పోయి కూరగాయలు తేవడానికి ఏమాత్రం అవసరం లేదు.

మన దారులకు తగినదేనా?

మనకు కొండలు లేవని కాదు. కర్నూలు పక్కన జగన్నాథగట్టు వుంది, ఓర్వకల్లు రాళ్ళగుట్టలున్నాయి. కడపకు పాలకొండలు అండగా నిలబడి వున్నాయి. గండికోట దగ్గర పెన్నానది కోసిన లోయ వుంది. గరుసు నేల, గుండ్రాళ్ళు, బండలు – ఎండ్యూరో సైకిలుకు ఇవి పుట్టినిల్లు లాంటివే. నిత్యం ఇలాంటి దారుల్లో తొక్కే అలవాటూ, నేర్పూ వున్న యువకుడికి ఆ బండి నిజంగా మేలు చేస్తుంది. చక్రం నేలను వదలదు, బ్రేకు పట్టు తప్పదు, చేతులు త్వరగా అలసిపోవు.

కాని మనలో నూటికి తొంభైమంది తొక్కేది తారురోడ్డు మీద, కాలనీ సిమెంటు రోడ్డు మీద. అక్కడ మీ కాలి బలంలో కొంత వెనక స్ప్రింగు మింగేస్తుంది. లావు గళ్ళ టైరు రోడ్డును పట్టుకుని వదలదు. అరగంటలో అలసిపోయి, "వయసైపోయింది" అనుకుని సైకిలును మూల పెడతారు. తప్పు వయసుది కాదు, బండిది. అలాంటివారికి తేలికైన మామూలు గేర్ల సైకిలు చాలు. టైరు కాస్త వెడల్పుగా వుండి, గాలి మితంగా కొట్టిస్తే చిన్న చిన్న కుదుపులను టైరే తీసుకుంటుంది.

ఇంకో రెండు సంగతులు. మన పొలం గట్ల మీద పల్లేరు కాయలూ, తుమ్మ ముళ్ళూ ఎంత ఖరీదైన టైరునైనా వదలవు. ట్యూబు లేని టైరులో పోసే జిగురు ద్రవం చిన్న రంధ్రాలను పూడ్చేస్తుంది గాని, మన ఎండలకు త్వరగా ఆరిపోతుంది. రెండు మూడు నెలలకోసారి చూసి పోయించుకోవాలి. రెండోది, నల్లమల, లంకమల అడవుల్లోకి అటవీశాఖ అనుమతి లేకుండా సైకిలు తీసుకుపోవడం తగదు. అది నేరమవుతుంది. అక్కడ పడితే చూసే దిక్కు కూడా వుండదు.

నడుంనొప్పికి ఇది మందా?

కాదు. సైకిలు తొక్కేవారి నడుంనొప్పికి కుదుపు ఒక కారణం మాత్రమే. హ్యాండిలు మరీ దూరంగా వుండి ముందుకు వంగిపోవడం, సీటు ఎత్తు సరిపోకపోవడం, కడుపు, నడుము కండరాలు బలహీనంగా వుండడం – ఇవే ఎక్కువ కారణాలు. పైగా, రాళ్ళదారిలో నేర్పున్నవాడు సీటు మీద కూర్చోడు. పెడళ్ళ మీద నిలబడి, మోకాళ్ళూ మోచేతులూ సడలించి పోతాడు. భగవంతుడిచ్చిన షాకబ్జర్బర్లు అవే. నడుంనొప్పితోపాటు కాలిలోకి జివ్వున లాగడం, తిమ్మిరి, కాలి బలం తగ్గడం వుంటే సైకిలు కొట్టుకు కాదు, డాక్టరు దగ్గరకు వెళ్ళండి. మూత్రం, మలం పట్టు తప్పితే ఆ రోజే ఆసుపత్రిలో చేరాలి.

కొన్నవారైనా చాలామంది ఒక పని చేయరు. ఆ షాకబ్జర్బర్లలో వుండేది సాధారణంగా గాలి. ఆ గాలిని తొక్కేవాడి బరువును బట్టి ప్రత్యేకమైన పంపుతో సర్దాలి. మీరు కూర్చుంటే వెనక షాకబ్జర్బరు తన మొత్తం ఆటలో 25 నుంచి 30 శాతం దిగాలి. అంటే 60 మిల్లీమీటర్లు ఆడేదైతే 15 నుంచి 18 మిల్లీమీటర్లన్న మాట. 55 కిలోల కొడుకుకు సర్దిన బండిని 85 కిలోల తండ్రి తొక్కితే అది గుంట గుంటకూ అడుగంటుతుంది. అప్పుడు లక్షల బండీ ఎద్దులబండీ ఒకటే.

మీ ఒంటి కొలత

సీటు మీద కూర్చుని, మడమను పెడలు మీద ఆనించి, పెడలును అడుగుదాకా తిప్పండి. కాలు నిటారుగా చాచుకోవాలి. ఆ తర్వాత మునిపాదంతో తొక్కితే మోకాలు కొద్దిగా వంగి వుంటుంది. అదీ సరైన ఎత్తు. సీటు కిందికుంటే మోకాటి చిప్ప ముందు నొప్పి వస్తుంది. మరీ పైకుంటే మోకాలి వెనక నొప్పి, తొక్కేటప్పుడు నడుము అటూ ఇటూ వూగడం. ఎండ్యూరో సైకిలుకు హ్యాండిలు మీది మీట నొక్కితే సీటు దిగిపోయే ఏర్పాటు వుంటుంది. అది దిగుడు కోసం. సమతలం రాగానే సీటు పైకి లేపకుండా తొక్కితే మోకాళ్ళు మొరపెట్టుకుంటాయి.

చిటికెన వేలు, ఉంగరపు వేలు తిమ్మిరెక్కితే అరచేతిలోని నరం నలుగుతోందని గుర్తు. బరువంతా చేతుల మీద వేయకండి, చేతుల స్థానం మారుస్తూ వుండండి. మర్మాంగాల దగ్గర తిమ్మిరి వస్తే సిగ్గుపడి దాచుకోకండి. సీటు ముక్కు పైకి లేచి వుందేమో చూడండి, మధ్య మధ్య లేచి నిలబడి తొక్కండి. అయినా తగ్గకపోతే సీటు మార్చండి.

ఎవరు జాగ్రత్తపడాలి?

గుండెజబ్బు వున్నవారు, నడిస్తే ఛాతీలో పట్టేసినట్టు వుండేవారు, అదుపులో లేని రక్తపోటువారు పరీక్ష చేయించుకోకుండా గుట్టలెక్కకూడదు. షుగరుకు ఇన్సులిన్ గాని కొన్ని రకాల మాత్రలు గాని వాడేవారికి తొక్కుతుండగా చక్కెర పడిపోవచ్చు. చెమట, వణుకు, కళ్ళు తిరగడం తోస్తే ఆగి మూడు చెంచాల చక్కెర నీళ్ళలో కలుపుకుని తాగాలి. ఆ పొట్లం జేబులో వుండి తీరాలి. షుగరు వల్ల కంటి రెటీనా బాగా దెబ్బతిన్నవారు ఎగిరిపడే కుదుపుల దారులకు పోవద్దు, కంటిలో రక్తస్రావం కావచ్చు. రక్తం పలచబరిచే మందులు వాడేవారికీ, ఎముకలు గుల్లబారినవారికీ పడటమే పెద్ద ప్రమాదం. అలాంటివారికి చదును రోడ్డే మేలు.

ఆరోగ్యానికి ఎంత తొక్కాలి? ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పిన ప్రకారం వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యరకం వ్యాయామం పెద్దలకు మంచిది. తొక్కుతూ మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. అదీ మధ్యరకం. దీనికి ఏ సైకిలైనా ఒకటే. గుండెకు బండి ధర తెలియదు.

మన ఎండ సంగతి

ఏప్రిల్, మే నెలల్లో మన జిల్లాల్లో 40 డిగ్రీలు దాటడం మామూలే. వేసవిలో సూర్యుడు పైకెక్కేలోగా ఇంటికి చేరండి. గంటలోపు తొక్కేవారికి మంచినీళ్ళు చాలు. ఎక్కువసేపైతే ఉప్పు వేసిన పలచని మజ్జిగ గాని, ఓ.ఆర్.ఎస్. గాని తాగాలి. షుగరువారు నన్నారి షర్బత్తు జోలికి పోకండి. మాట తడబడి, ఒళ్ళు కాలిపోతూ, మనిషి తికమకపడితే అది వడదెబ్బ. నీడకు చేర్చి, ఒంటి మీద నీళ్ళు పోస్తూ విసురుతూ, 108కి ఫోను చేయండి. స్పృహ సరిగా లేనివారి నోట్లో నీళ్ళు పోయకండి.

పడితే?

తల్లులు అడిగేదానికి నా జవాబు ఇది. మంచి బండి ప్రమాదాన్ని తగ్గించదు, ఒక్కోసారి పెంచుతుంది. కుదుపు తెలియదు కనుక వేగం తెలియదు. కాబట్టి సైకిలుకు పెట్టే డబ్బులో హెల్మెట్టుకూ, మోకాలి కవచాలకూ, చేతితొడుగులకూ ముందే పక్కన పెట్టండి. గుట్టలు దిగే పిల్లవాడికి గడ్డం కూడా కప్పే హెల్మెట్టు కావాలి. గట్టి దెబ్బ తగిలిన హెల్మెట్టు పైకి బాగున్నా మార్చేయాలి. ఒంటరిగా పంపకండి.

చేయి ఆనించి పడ్డాక బొటనవేలి మొదట్లో నొక్కితే నొప్పి వుందా? మొదటి ఎక్స్‌రేలో విరిగింది కనపడకపోవచ్చు. పట్టీతో వుంచి, రెండు వారాల లోపు మళ్ళీ చూపించాలి. హ్యాండిలు కొస కడుపులో గుచ్చుకుంటే పైన చిన్న మచ్చ కూడా లేకపోవచ్చు, లోపల కాలేయమో ప్లీహమో చిట్లి వుండవచ్చు. కొన్ని గంటల తర్వాతైనా కడుపునొప్పి, వాంతులు, ఒళ్ళు పాలిపోవడం కనిపిస్తే ఆలస్యం వద్దు. మట్టిలో గీసుకున్న గాయాన్ని సబ్బుతో బాగా కడగండి. ధనుర్వాతం టీకా వేసి అయిదేళ్ళు దాటితే మళ్ళీ వేయించండి.

కొట్టులో చూడవలసినవి

కొనేవారు దుకాణంలో ఒక రౌండు తిరిగి మురిసిపోకండి. అడ్డగొట్టానికి రెండు కాళ్ళ మధ్య ఖాళీ వుండాలి. బ్రేకు మీటను ఒక్క వేలితో అందుకోగలగాలి. షాకబ్జర్బరు చుట్టూ నూనె మరకలుండరాదు. పాత బండైతే ఫ్రేములో పగుళ్ళున్నాయేమో తెలిసినవారికి చూపించండి. సర్వీసు ఎక్కడ చేస్తారో ముందే అడగండి. ముందు ఫోర్కును సుమారు 50 గంటల వాడకానికోసారి విప్పి శుభ్రం చేసి నూనె మార్చాలి. మన దుమ్ములో అయితే అంతకంటే ముందే. ప్రతిసారీ బండిని హైదరాబాదుకో బెంగుళూరుకో పంపవలసి వస్తే అది సైకిలు కాదు, ఇంట్లో కట్టేసిన తెల్ల ఏనుగు.

అన్నిటికంటే తేలికైన పరీక్ష ఒకటుంది. ఎవరిదైనా మామూలు సైకిలు అరువు తెచ్చుకుని ఒక నెల పాటు వారానికి అయిదు రోజులు, రోజూ అరగంట తొక్కండి. నెల తిరిగేసరికి మీకు గుట్టల మీద మనసుందో, చదును రోడ్డు చాలో మీ కాళ్ళే చెబుతాయి. ఆ నెలలో పది రోజులైనా తొక్కకపోతే లక్షలు బ్యాంకులోనే వుంచుకోండి. పొద్దున్నే నడక ఎలాగూ వుంది, దానికి ఖర్చు లేదు.