గుండె శస్త్రచికిత్సకు పోవు పెద్దలు – రక్తం ఎప్పుడు ఎక్కించవలెను?

ఖమ్మం నుండి భద్రాచలం అడవి అంచు వరకు గల మా పల్లెలలో గుండె ఆపరేషన్ అనగానే "ఎన్ని సీసాల రక్తం కావాలి?" అన్న ప్రశ్న వెంటనే వచ్చును. డెబ్బై దాటిన తండ్రికి నాలుగు సీసాలు ఎక్కిస్తే బలం వచ్చును గదా అని కుమారులు నన్ను అడుగుదురు. పరాయివారి నెత్తురు నా ఒంట వద్దని మొరాయించు పెద్దలును కలరు. ఈ రెండును సరికావు.

ఆయుర్వేదం రక్తాన్ని సప్తధాతువులలో రెండవదిగా లెక్కించినది. కాని సీసాలోని రక్తం టానిక్కు కాదు. ప్రాణావసరమైనపుడు వద్దనరాదు, అవసరం లేనపుడు కోరి ఎక్కించుకొనరాదు. బలహీనమైన గుండె ఆ ద్రవభారాన్ని మోయలేక ఊపిరితిత్తులలో నీరు చేరవచ్చును.

2017లో వెలువడిన 'ట్రిక్స్-3' అను పరిశోధనలో 5,000 మందికి పైగా గుండె శస్త్రచికిత్స రోగులను రెండు వర్గములు చేసిరి. ఒక వర్గానికి హిమోగ్లోబిన్ 7.5 గ్రాముల కంటె తగ్గినపుడే రక్తమిచ్చిరి. రెండవ వర్గానికి ఆపరేషన్ గదిలోను, ఐ.సి.యు.లోను 9.5 కంటె తగ్గగానే ఇచ్చిరి. మరణం, గుండెపోటు, పక్షవాతం, డయాలిసిస్ అవసరమగు మూత్రపిండ వైఫల్యం – ఇవి మొదటి వర్గంలో ఎక్కువ కాలేదు. 75 ఏండ్లు దాటినవారిలోనైతే తక్కువగానే కనబడినవి. వృద్ధులకే ఎక్కువ రక్తం కావలెనను తలంపునకు ఇది విరుద్ధం. అయినను వయస్సును బట్టి విడదీసి చూచిన లెక్క గనుక దీనినే తుది తీర్పుగా కొనరాదు.

అసలు జాగ్రత్త ఆపరేషన్‌కు ముందే కలదు. హార్ట్-లంగ్ యంత్రంలోని ద్రవంతో కలిసి రక్తం పలుచబడును. పాండురోగంతో బల్ల ఎక్కినవానికి మిగులు తక్కువ. పురుషులకు 13, స్త్రీలకు 12 గ్రాములకు తక్కువైనచో కారణం వెదకవలెను. మా అడవి పల్లెలలో కొంకిపురుగులు కలవు. ఆస్పిరిన్ వాడువారికి కడుపులో తెలియకుండ రక్తం కారి, మలం నల్లబడవచ్చును. తోటకూర, మునగాకు, ఉసిరి మంచివే. భోజనం కాగానే టీ త్రాగరాదు. కాని ఆకుకూరలతో మాత్రమే ఈ లోటు తీరదు. ఇనుము మందుకు వారాలు పట్టును గనుక ఆపరేషన్ తేదీ తెలిసిన రోజుననే మొదలుపెట్టవలెను. అత్యవసరమైనచో ఇందుకై ఆపరేషన్ ఆపరాదు. మూత్రపిండాలు చెడినవారు మండూరం, లోహభస్మం వంటివి స్వయంగా వాడరాదు.

కోయ కుటుంబాలవారు సికిల్‌సెల్ పరీక్ష ముందే చేయించుకొనవలెను. శరీరాన్ని చల్లబరచి చేయు ఆపరేషన్‌లో ఆ సంగతి సర్జనుకు తెలియుట అవసరం.

నేనిచ్చిన మందులనైనను దాచక సర్జనుకు చూపుడు. వెల్లుల్లి గుళికల వంటివి రక్తం గడ్డకట్టుటను మందగింపజేయును. వాటిని ఎన్నిరోజుల ముందు ఆపవలెనో ఆయననే అడుగుడు. (పోపులోని వెల్లుల్లికి భయపడనక్కరలేదు.) ఆస్పిరిన్‌ను మాత్రం ఎవరి మాటపైనను సొంతంగా మానరాదు. ఆ సమయముననే "మా నాన్నగారి హిమోగ్లోబిన్ ఎంత? ఎంతకు తగ్గితే రక్తం ఎక్కించెదరు?" అనియు అడుగుడు.