లాగినకొద్దీ పెరుగు కండరము

రబ్బరు ముక్కకు బరువు కట్టి వ్రేలాడదీసినచో అది సాగును. చాలకాలము అట్లే ఉంచినచో బలము తగ్గి, తుదకు తెగిపోవును. ప్రాణి శరీరములోని కండరమును అట్లే లాగి ఉంచినచో ఏమగును? కోడి, కౌజుపిట్టలపై జరిగిన ప్రయోగములు దీనికి సమాధానము చెప్పుచున్నవి.

పక్షి వీపున, రెక్క మొదట, రెండు కండరములు ప్రక్కప్రక్కనే ఉన్నవి. వెనుకటిది తెల్లనిది, వేగముగా సంకోచించును. ముందటిది ఎర్రనిది, నెమ్మదిగా సంకోచించుచు, ముడిచిన రెక్కను ఒంటికి చేర్చి నిలుపును. రెక్కకు బరువు కట్టినచో ఈ ఎర్రని కండరము రేయింబవళ్లు సాగియుండును. రెండవ రెక్కకు బరువు కట్టరు. కనుక పోల్చి చూచుటకు అదే పక్షిలో మామూలు కండరము దొరకును.

1989లో వెలువడిన ఒక ప్రయోగములో, కౌజుపిట్ట శరీరపు బరువులో పదవవంతు బరువును 30 దినములు రెక్కకు కట్టి ఉంచిరి. కండరము సన్నబడలేదు; సరికదా, దాని బరువు సుమారు 170 శాతము పెరిగినది. అనగా 1 గ్రాము ఉండవలసినది 2.7 గ్రాములైనది! తంతువుల సంఖ్య కూడ దాదాపు సగము హెచ్చినది.

ఈ పెరుగుదల నాడుల ఆజ్ఞవలన కలిగినదా? 1973లో సోలా, క్రిస్టెన్‌సెన్, మార్టిన్ అను శాస్త్రజ్ఞులు కోడిలో ఈ కండరమునకు పోవు నాడిని త్రెంచి పరీక్షించిరి. అప్పుడును లాగిన కండరము పెరిగినది. కావున సాగుటయే ఒక సంకేతమని తెలియుచున్నది.

కండరములో అధిక భాగము నీరు. మిగిలినదానిలో ముఖ్యమైనవి మాంసకృత్తులు. ఇవి ఒకసారి కట్టిన గోడవలె స్థిరముగా నుండవు. నిత్యము కొన్ని విచ్ఛిన్నమగుచుండగా క్రొత్తవి తయారగుచుండును. చెరువులోనికి వాగునీరు వచ్చుచుండగా తూముగుండ నీరు పోవుచుండును గదా! మట్టము పెరుగుటకు తూము మూయనక్కరలేదు. పోవు నీటికంటె వచ్చు నీరు ఎక్కువైన చాలును. 1978లో కోళ్లపై జరిగిన పరిశోధన ఇట్టి విషయమునే వెల్లడించినది. లాగిన కండరములో మాంసకృత్తుల నిర్మాణము హెచ్చినది, విచ్ఛిత్తియు హెచ్చినది. నిర్మాణము అంతకంటె ఎక్కువగా హెచ్చుటచేతనే కండరము పెరిగినది.

పెరుగవలసిన కండరములో విచ్ఛిత్తి యెందులకు? కండరము పెరుగుటతోపాటు మారుచున్నది కూడ. సంకోచమునకు ముఖ్యమైన మయోసిన్ ఈ ఎర్రని కండరములో రెండు రకములుగా ఉండును. కండరమును లాగినపుడు మొదటి రకము తగ్గి, దాని స్థానమున రెండవ రకము హెచ్చునని 1986లో ప్రకటింపబడినది. పాతది తొలగనిదే క్రొత్తది దాని చోట చేరజాలదు.

అయితే ఒక హెచ్చరిక. ఈ పక్షుల రెక్కలు దినముల తరబడి సాగియుండెను. వ్యాయామశాలలో కొన్ని నిమిషములు కాళ్లుచేతులు సాచిన మనకును ఇంతటి పెరుగుదల కలుగునని భావింపరాదు. కండరము తనపై పడు భారమును గుర్తించి, తన మాంసకృత్తులను తదనుగుణముగా మార్చుకొనునన్నదే ఈ ప్రయోగములు నేర్పు పాఠము.