పెంపుడు కుక్కకు పచ్చి మాంసం: ఇంటివారు ఎరిగి ఉండవలసిన సంగతులు

పెంపుడు కుక్కకు మాంసాన్ని, కార్జాన్ని, ఎముకలను వండకుండా పచ్చిగానే పెట్టడం ఒక ప్రత్యేక ఆహారపద్ధతిగా కొన్నేళ్లుగా ప్రచారం పొందుతున్నది. ఆస్ట్రేలియాకు చెందిన పశువైద్యుడు ఇయాన్ బిల్లింగ్‌హర్స్ట్ 1993లో వెలువరించిన పుస్తకంతో ఈ పద్ధతికి విశేష ప్రాచుర్యం కలిగింది. కుక్క తోడేలు సంతతి. తోడేలు పొయ్యి వెలిగించి వండుకొని తినదు. కనుక కుక్కకు ప్రకృతి నిర్ణయించిన ఆహారం పచ్చి మాంసమే అన్నది దీనిని సమర్థించేవారి వాదం. వినడానికి ఇది సబబుగానే తోస్తుంది. దీనికి మరొక కారణం కూడా తోడవుతుంది. మాంసం దుకాణంలో అమ్ముడుపోని ఊపిరితిత్తులు, పేగులు, కొవ్వు ముక్కలు చౌకగా లభిస్తాయి. పరిచయస్థులకు ఒక్కొక్కప్పుడు ఊరకే కూడా లభిస్తాయి. పెద్ద జాతి కుక్కను పెంచేవారికి అది నెల ఖర్చులో చెప్పుకోదగిన ఆదా.

పుస్తకం చదివి పెట్టినా, ఖర్చుకు వెరచి పెట్టినా గిన్నెలో పడేది ఒకటే. ఆ గిన్నె ఉండేది మనుషులు నివసించే ఇంటిలో. అందువలన ఈ విషయాన్ని కుక్క ఆరోగ్యానికి మాత్రమే సంబంధించినదిగా భావించడానికి వీలులేదు.

ముందుగా తోడేలు వాదాన్ని పరిశీలిద్దాం. స్వీడన్‌లోని ఉప్సాలా విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు 2013లో ప్రకటించిన పరిశోధన ఈ విషయంలో గమనింపదగినది. పిండిపదార్థాన్ని జీర్ణం చేసే అమైలేజ్ అనే ఎంజైముకు మూలమైన జన్యువు తోడేలులో రెండు ప్రతులుగా మాత్రమే ఉండగా, కుక్కలలో 4 నుండి 30 ప్రతుల వరకు ఉన్నట్లు వారు కనుగొన్నారు. మనిషి సేద్యం నేర్చి ధాన్యం నిలువచేసుకొన్న కాలం నుండి అతని ముంగిట చేరిన జంతువు, అతని ఆహారానికి తగినట్లు తానూ మారిందని దీని భావం. మన ప్రాంతపు పల్లెలలో జొన్నరొట్టె ముక్కలు, మజ్జిగ కలిపిన అన్నం తిని కాపలా కాసిన కుక్కలను చూసినవారికి ఇది వింతగా తోచదు. ఆ ఆహారం సంపూర్ణమైనదని కాదు. అందులో మాంసకృత్తుల కొరత ఉంది. అయితే కుక్క కేవలం మాంసాహారి అన్న మాట నిలువదు.

పచ్చి మాంసం పక్షాన చెప్పదగినవి లేకపోలేదు. కుక్కలు దానిని ఇష్టంగా తింటాయి, సులభంగా జీర్ణం చేసుకొంటాయి, మలం తక్కువగా, గట్టిగా ఉంటుంది. మాంసంలోని సూక్ష్మజీవులు మనిషిని మంచం పట్టించే మోతాదులో ఉన్నా ఆరోగ్యవంతమైన కుక్క తరచుగా ఏ బాధా లేకుండా తట్టుకొంటుంది. చిక్కంతా ఇక్కడే ఉన్నది. కుక్క చలాకీగా తిరుగుతుంటే ఆహారం సరిపడినదని యజమాని నిశ్చింతగా ఉంటాడు. అదే సమయంలో దాని మలం ద్వారా, మూతి ద్వారా, వెంట్రుకల ద్వారా వ్యాధికారకాలు ఇల్లంతా వ్యాపిస్తుండవచ్చు.

నీటి తిత్తి వ్యాధి

వీటిలో మన ప్రాంతంవారు అన్నిటికన్న ముందుగా తెలుసుకోవలసినది హైడాటిడ్ లేక నీటి తిత్తి వ్యాధి. గొర్రెలు, మేకలు పెంచే భూభాగాలన్నిటిలో ఇది కనిపిస్తుంది. భారతదేశంలో ఆంధ్రప్రదేశ్, తమిళనాడు ప్రాంతాలలో ఇది అధికమని వైద్యగ్రంథాలు చిరకాలంగా పేర్కొంటున్నాయి. దీనికి కారణం ఎకైనోకాకస్ గ్రాన్యులోసస్ అనే అతి చిన్న బద్దెపురుగు. ఎదిగిన పురుగు పొడవు 2 నుండి 7 మిల్లీమీటర్లు మాత్రమే. అది కుక్క చిన్నపేగులో వందలుగా, వేలుగా నివసించినా కుక్కకు పైకి కనిపించే జబ్బు ఏదీ ఉండదు. మలంలో కూడా ఆ పురుగు కంటికి ఆనదు.

పురుగు గుడ్లు మలంతో బయటపడి గడ్డి మీద, మట్టిలో, నీటిలో చేరుతాయి. ఆ గడ్డి మేసిన గొర్రె, మేక లేక గేదె శరీరంలో గుడ్డు పగిలి, పిల్లపురుగు రక్తం వెంట పోయి కార్జంలోనో ఊపిరితిత్తులలోనో స్థిరపడుతుంది. అక్కడ దాని చుట్టూ నీరు నిండిన తెల్లని తిత్తి పెరుగుతుంది. ఒక పెద్ద తిత్తిలో వేలాది పురుగు తలలు ఉండగలవు. పశువును కోసినప్పుడు ఆ తిత్తిని చూసిన దుకాణదారు ఆ భాగాన్ని అమ్మకానికి పనికిరాదని కోసి పక్కన వేస్తాడు. కుక్క కోసం అడిగినవారికి చేతికి వచ్చేది సరిగా ఆ పక్కన వేసిన భాగమే. మనిషి తినకూడదని తీసివేసినదే అన్నిటికన్న ప్రమాదకరమైన ముక్క. దానిని పచ్చిగా తిన్న కుక్క పేగులో సుమారు ఆరు, ఏడు వారాలలో పురుగులు ఎదిగి గుడ్లు పెట్టడం ఆరంభిస్తాయి.

ఇక్కడ ఒక అపోహను తొలగించడం అవసరం. తిత్తి ఉన్న మాంసం తినడం వలన మనిషికి ఈ వ్యాధి రాదు. కుక్క మలంలోని గుడ్లు నోటిలోకి చేరడం వలన మాత్రమే వస్తుంది. కుక్క తన వెనుక భాగాన్ని నాకి, అదే నాలుకతో ఒళ్లు నాకుకొంటుంది. గుడ్లు వెంట్రుకలకు అంటుకొంటాయి. కుక్కను నిమిరిన పిల్లవాడు చేయి కడగకుండా రొట్టె తింటాడు. పెరటిలోని కొత్తిమీర, పాలకూర మీద కుక్క మలం పడినా ఫలితం అదే. కనుక మాంసం ముట్టని కుటుంబాలకు కూడా ఇది రాగలదు.

మనిషి శరీరంలో తిత్తి ఎక్కువగా కార్జంలో, ఆ తరువాత ఊపిరితిత్తులలో పెరుగుతుంది. పెరుగుదల అతి మందం. చిన్ననాట గుడ్లు మింగినవారికి కడుపులో బరువు, నొప్పి, దగ్గు వంటి బాధ తెలిసేసరికి అనేక సంవత్సరాలు గడచి ఉంటాయి. అప్పటికి ఆ కుక్క కూడా ఉండదు. రెండింటికీ ఉన్న సంబంధం ఎవరికీ తట్టదు. తిత్తి లోపల పగిలితే ప్రాణాపాయకరమైన ప్రతిచర్య కలుగవచ్చు. చికిత్సకు ఆల్బెండజోల్ మాత్రలు, సూదితో నీరు తీసే పద్ధతి, శస్త్రచికిత్స ఉన్నాయి. ఏదీ చిన్న చికిత్స కాదు.

ఇంత కఠినమైన వ్యాధిని ఒక దేశం ప్రధానంగా అవగాహనతో, క్రమశిక్షణతో తుడిచివేసింది. 19వ శతాబ్దంలో ఐస్‌లాండ్‌లో గొర్రెల కాపరుల కుటుంబాలు దీనితో ఎంతో బాధపడేవి. డెన్మార్క్ శాస్త్రజ్ఞుడు హారాల్డ్ క్రాబే 1863లో అక్కడికి వెళ్లి పరిశీలించి, కుక్కలలో పావు వంతుకు పైగా ఈ పురుగును కనుగొన్నాడు. తిత్తులున్న అవయవాలను కుక్కలకు పెట్టవద్దని తెలిపే చిన్న పుస్తకం 1864లో ఇంటింటికీ ఉచితంగా పంచారు. అదీ మీ చేతిలోని ఈ పుస్తకం వంటిదే కావచ్చు. 1869లో చట్టం కూడా వచ్చింది. తరువాతి తరాలలో వ్యాధి క్రమంగా అంతరించింది. న్యూజీలాండ్ కూడా పచ్చి అవయవాలను కుక్కలకు పెట్టడాన్ని కట్టడి చేసి, క్రమం తప్పక నట్టల మందు వేయించి ఇదే ఫలితం సాధించింది.

కంటికి కనిపించని ఇతర ప్రమాదాలు

అవయవాలు లేని పచ్చి మాంసంలో బద్దెపురుగు భయం తగ్గుతుంది గాని సూక్ష్మజీవుల భయం తగ్గదు. అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ 2010 నుండి 2012 వరకు జరిపిన పరీక్షలలో, పెంపుడు జంతువుల కోసం అమ్ముతున్న 196 పచ్చి ఆహార నమూనాలలో 15 నమూనాలలో సాల్మోనెల్లా, 32 నమూనాలలో లిస్టీరియా కనిపించాయి. అవి శీతలీకరించి, మూసి అమ్మిన సరుకులు. ఏప్రిల్, మే నెలలలో 40 డిగ్రీల ఎండలో సంచిలో ఇంటికి చేరి, గిన్నెలో గంటసేపు మిగిలిపోయిన మాంసం స్థితి వేరుగా చెప్పనవసరం లేదు. లిస్టీరియా గర్భిణులకు, పసిబిడ్డలకు, వృద్ధులకు ప్రాణాంతకం కావచ్చు. పచ్చి మాంసాన్ని కుళాయి కింద కడగడం వలన అవి నశించవు. పైగా చిందిన నీటితో వంటగట్టు మీదికి, పక్కనున్న పాత్రల మీదికి చేరుతాయి.

కుక్కలు అన్ని వేళలా తప్పించుకొంటాయని కూడా అనుకోరాదు. మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2018లో, పచ్చి కోడి మాంసం తినే కుక్కలలో కాళ్లు చచ్చుబడే ఒక అరుదైన నరాల వ్యాధికి, ఆ మాంసంలోని క్యాంపిలోబాక్టర్ అనే సూక్ష్మజీవికి గల సంబంధాన్ని ప్రకటించారు. కోడి మెడలను చౌకైన బలమైన ఆహారంగా భావించి పెట్టేవారు దీనిని గమనించవలెను.

పోషణ విషయంలో పచ్చి, వండిన అనే తేడాకన్న పెద్ద లోపం ఒకటి ఉన్నది. ఉత్త మాంసంలో కాల్షియంకన్న భాస్వరం సుమారు 15 నుండి 20 రెట్లు ఎక్కువ. కుక్కకు కావలసినది ఇవి రెండూ ఇంచుమించు సమానంగా, లేక కాల్షియం కొంత ఎక్కువగా ఉన్న ఆహారం. మాంసం మాత్రమే తిన్న కూన శరీరం తన ఎముకలలోని కాల్షియంను కరిగించుకొంటుంది; కాళ్లు వంగుతాయి, చిన్న గెంతుకే ఎముక విరుగుతుంది. వేగంగా ఎదిగే లాబ్రడార్, జర్మన్ షెపర్డ్ కూనలలో ఈ ముప్పు అధికం. ఎముకలు పెడితే సరిపోతుందని కొందరు అంటారు. పచ్చి ఎముక పళ్లను విరుగగొట్టవచ్చు, గొంతులోనో పేగులోనో అడ్డుపడవచ్చు. వండిన ఎముక మొనలుగా చీలి మరింత కీడు చేస్తుంది. కాల్షియంను పశువైద్యుడు చెప్పిన మోతాదులో పొడిగా గాని మాత్రగా గాని కలపడమే క్షేమం. కార్జం రోజూ అధికంగా పెడితే విటమిన్-ఎ హద్దు మీరుతుంది. మొత్తం ఆహారంలో అది కొద్ది భాగంగా మాత్రమే ఉండవలెను.

వండి పెట్టడం

వండడం వలన పోషకాలు కొంత తగ్గుతాయన్నది నిజమే. ఆ తగ్గుదలను సులభంగా పూరించవచ్చు. మాంసాన్ని చిన్న ముక్కలుగా కోసి లోపలి ఎరుపు పూర్తిగా పోయేవరకు ఉడికించవలెను. కార్జం, ఊపిరితిత్తుల వంటి అవయవాలను నీరు మరగడం ఆరంభించిన పిదప కనీసం 30 నిమిషాలు ఉడికించడం అవసరం. ఆ వేడికి తిత్తులలోని పురుగు తలలు నశిస్తాయి. తిత్తి స్పష్టంగా కనిపించిన ముక్కను వండి కూడా పెట్టకపోవడమే మేలు. ఉడికిన మాంసంలో అన్నం గాని జొన్నరొట్టె గాని, కొంత గుమ్మడికాయ లేక క్యారెట్ కలిపి, ఉడికించిన నీటితో సహా పెడితే పచ్చి మాంసానికి అలవాటుపడిన కుక్క కూడా సాధారణంగా తింటుంది. ఇంటివారి కూరలో మిగిలిన మాంసం ఇందుకు పనికిరాదు. ఉల్లి, వెల్లుల్లి కుక్క రక్తకణాలను దెబ్బతీస్తాయి. మన మసాలాలో ఈ రెండూ లేని కూర అరుదు.

ఇంత చెప్పినా పచ్చి మాంసమే పెట్టదలచినవారు అవయవాలను పూర్తిగా మానివేయవలెను. మాంసాన్ని సున్నాకు 20 డిగ్రీల దిగువన పది రోజులు ఉంచితే తిత్తి రూపంలోని పురుగులు చనిపోతాయి. కాని సాల్మోనెల్లా వంటివి అంత చలికి కూడా నిద్రాణంగా బతికి, కరిగిన వెంటనే మేలుకొంటాయి. పైగా విద్యుత్తు పోతూ వస్తూ ఉండే ఇంటిలో ఫ్రీజరు ఆ చలిని పది రోజులు నిలుపుతుందన్న హామీ లేదు. కత్తి, పలక, గిన్నె వేరుగా ఉంచాలి. తినగా మిగిలినది అరగంటలో తీసివేయాలి. ఐదేళ్ల లోపు పిల్లలు, గర్భిణులు, వృద్ధులు, క్యాన్సర్ చికిత్స పొందుతున్నవారు ఉన్న ఇంటిలో ఈ పద్ధతి ఎంతమాత్రం తగదు.

మాంసం దుకాణాలవారికి ఒక విన్నపం. తీసివేసిన కార్జాన్ని, ఊపిరితిత్తులను వీధి కుక్కలకు విసరడం జాలిగా కనిపించినా, అది పురుగును వీధి వీధికీ పంచడమే అవుతుంది. వాటిని మూతగల డబ్బాలో వేసి వ్యర్థాల వాహనానికి అప్పగించవలెను. వీధి కుక్కలకు ఆహారం పెట్టే దయగలవారు ఉడికినదే పెట్టాలి. అది కూడా పిల్లలు ఆడుకొనే చోట్లకు, మెట్లకు, ద్వారాలకు దూరంగా పెట్టాలన్నది జంతు జనన నియంత్రణ నియమాలు, 2023 తెలిపే పద్ధతి.

నట్టల మందు విషయంలో ఒక జాగ్రత్త అవసరం. మందుల దుకాణంలో దొరికే ప్రతి మందూ బద్దెపురుగుకు పనిచేయదు. ప్రాజిక్వాంటెల్ అనే మందు అందులో ఉండాలి. పచ్చి అవయవాలు తిన్నదని తెలిసిన, లేక బయట స్వేచ్ఛగా తిరిగే కుక్కకు ప్రతి ఆరు వారాలకు ఒకసారి ఈ మందు వేయిస్తే పురుగు గుడ్లు పెట్టే దశకు చేరదు. మోతాదు కుక్క బరువును బట్టి పశువైద్యుడు నిర్ణయిస్తాడు. నందినగర్‌లోని పశువైద్య కళాశాలలో గాని, సమీపంలోని ప్రభుత్వ పశువైద్యశాలలో గాని సలహా తీసుకోవచ్చు. ఈ మందు పురుగును చంపుతుంది గాని గుడ్లను చంపదు. అందువలన మందు వేసిన తరువాత రెండు రోజులు కుక్కను కట్టివేసి, దాని మలాన్ని చేతికి తొడుగుతో ఎత్తి, మరుగుతున్న నీరు పోసిన పిదపనే పారవేయవలెను.